కడలి దాటిన గుడి, బడి

(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



చెన్నపట్నంలో తెలుగు అక్షరం చెప్పే ఒక బడి డెబ్బై అయిదేండ్లు నిలిచిందంటే అది ఒక్కరి గొప్ప కాదు. స్థలమిచ్చినవారు, చందాలు పోగుచేసినవారు, జీతం ఆలస్యమైనా పాఠం ఆలస్యం చేయని ఉపాధ్యాయులు, నమ్మి పిల్లలను పంపిన తల్లిదండ్రులు అందరూ కలిసి నిలిపిన బడి ఇది. వారందరికీ ముందుగా శిరసు వంచి నమస్కరిస్తున్నాను.

ఉత్సవ సంఘం వారు నన్ను "ప్రపంచ దేశాలలో హిందూ సమాజం" అనే విషయంపై మాట్లాడమన్నారు. విషయం చాలా పెద్దది. నేను వేదాంతిని కాను, రాజకీయ శాస్త్ర పండితురాలినీ కాను. బి.ఇడి. చదువుకొని ముప్పై ఏండ్లుగా సాంఘిక శాస్త్రం చెప్పుకుంటున్న పంతులమ్మను. కనుక నా చేతికి అందినంత మేరకే మాట్లాడతాను. ఈ ఊరి రేవు నుండి, మన కోస్తా రేవుల నుండి ఓడలెక్కి వెళ్ళిన మన తెలుగువారు పరాయి గడ్డలపై తమ ధర్మాన్ని ఎట్లా నిలుపుకున్నారు, ఏమి పోగొట్టుకున్నారు, వారి కథలో మనకున్న పాఠమేమిటి అన్నంతవరకే నా ప్రసంగం.

ముందుగా ఈ బడిలోనే జరిగిన ఒక చిన్న సంఘటన చెబుతాను.

కొన్నేండ్ల క్రితం ఒక మధ్యాహ్నం, అరవై ఏండ్ల స్త్రీ ఒకామె భర్తతో కలిసి మన గేటు ముందు నిలబడి, బడి పేరు రాసిన పలకను చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. కాపలాదారు ఆమెను నా గదికి తీసుకువచ్చాడు. వారిది దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరం. పూర్వీకులు ఓడ ఎక్కిన రేవును చూడాలని వచ్చారట. "మీకు తెలుగు చదవడం వచ్చునా?" అని ఇంగ్లీషులో అడిగాను. రాదన్నది. మరి పలకను ఎందుకు అంతసేపు చూశారంటే, సంచిలోంచి ఒక పాత లెక్కల పుస్తకం తీసింది. అది వాళ్ళ తాతగారిది. సిరా వెలిసిపోయింది, అంచులు చిరిగాయి. అందులో ఉన్నవి, మా పలకపై ఉన్నవి ఒకే రకం అక్షరాలని ఆమె కంటితో పోల్చుకున్నది. అంతే.

ఆ సమయానికి హాజరు పట్టీ ఇవ్వడానికి అయిదవ తరగతి బాలిక ఒకతె నా గదికి వచ్చింది. పుస్తకం ఆ పిల్ల చేతికిచ్చి చదవమన్నాను. పాతకాలపు దస్తూరీ కదా, కూడబలుక్కుంటూ చదివింది. అది రామభజన పాట. రెండు పాదాలు పూర్తి కాకముందే ఆ డర్బన్ అమ్మ కళ్ళు మూసుకొని అందుకున్నది. పిల్ల ఆగిపోయింది. పాట ఆగలేదు. చివరి చరణం దాకా ఒక్క మాట తప్పకుండా పాడింది. ఆమెకు పాట వచ్చు, అక్షరం రాదు. మా పిల్లకు అక్షరం వచ్చు, పాట రాదు. ఇద్దరూ కలిస్తేనే ఆ పుస్తకం నోరు విప్పింది.

ఆ పిల్ల తల్లి నగరపాలక సంస్థలో పారిశుద్ధ్య కార్మికురాలు. వారు ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబం. రామభజన చదవడానికి ఆ పిల్లకు ఏ సంకోచమూ కలగలేదు, వినడానికి ఆ అమ్మకూ కలగలేదు. వారు వెళ్ళిపోయిన తరువాత పిల్ల నన్ను అడిగింది: "టీచర్, వాళ్ళ తాతకు తెలుగు వచ్చు కదా, ఆమెకెందుకు రాలేదు?" అప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ రోజు చెప్పబోయేది ఆ ప్రశ్నకు జవాబే.

1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దుచేస్తూ చట్టం చేసింది. బానిసలు విడుదల కాగానే చెరకు తోటల యజమానులకు పనివాళ్ళ కొరత వచ్చింది. ఆ కొరత తీర్చడానికి కనిపెట్టినదే ఒప్పందపు కూలీ పద్ధతి. అయిదేండ్ల ఒప్పందంపై వేలిముద్ర వేయించుకొని మన దేశంనుండి మనుషులను ఓడలలో పంపారు. ఇంగ్లీషులోని "అగ్రిమెంటు" అన్న మాట వారి నోట "గిరిమిట్" అయింది. వారే గిరిమిటీయులు. 1834లో మారిషస్‌కు మొదలైన ఈ ప్రయాణాలలో ఆ ఒక్క దీవికే సుమారు నాలుగున్నర లక్షల మంది చేరారు. పోర్ట్ లూయీలో వారు దిగిన రేవు మెట్లను "ఆప్రవాసీ ఘాట్" పేరిట 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన యానానికి పొరుగునే ఉన్న కోరంగి రేవు నుండి కూడా ఓడలు వెళ్ళాయి. అందుకే మారిషస్‌లో తెలుగువారిని చాలాకాలం ఆ రేవు పేరుతోనే పిలిచారు.

1860 అక్టోబరులో "ట్రూరో" అనే ఓడ ఈ చెన్నపట్నం రేవు విడిచి, నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. 1911 వరకు ఆ విధంగా నాటాల్‌కు వెళ్ళినవారు లక్షన్నరకు పైమాటే. వారిలో ఎక్కువమంది ఎక్కినది ఇక్కడే. ఫిజీ దీవులకు 1879లో కలకత్తా నుండి ఓడలు మొదలుకాగా, 1903 నుండి చెన్నపట్నం ఓడలూ వెళ్ళాయి. 1916 వరకు ఫిజీకి చేరిన అరవై వేల పైచిలుకు మందిలో సుమారు పదిహేను వేల మంది దక్షిణాది వారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వీరిలో ఉన్నారు. కరవు, అప్పు, కులపు కట్టుబాట్లు, దళారీల తీపి మాటలు వారిని రేవుకు చేర్చాయి.

వారు ఏమి తీసుకొని వెళ్ళారు? కాగితాలలో పేరుకు ముందు ఒక సంఖ్య, ఒంటిమీద బట్ట, చేతిలో ఒక చిన్న మూట. శాస్త్రాలు తెలిసిన పండితులు ఆ ఓడలలో బహు తక్కువ. వెళ్ళినవారికి తెలిసినది తమ ఊరి అమ్మవారు, తమ ఊరి భజన, పెద్దలు చెప్పిన కథలు. చెరకు తోట గట్టుపైన రేకులతో, చెక్కతో గుడిసె వేసి దానినే గుడి అనుకున్నారు. పగలంతా చెరకు కొట్టిన చేతులే సాయంత్రం హారతి పట్టాయి. మారిషస్ తెలుగువారు ఈనాటికీ సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు, రామభజన కూడతారు. విశాఖ కొండమీది దేవుడు హిందూ మహాసముద్రం దాటి, పామరులని మనం అనుకునే వారి వెంట నడిచివెళ్ళాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మన మద్రాసు రాష్ట్రంలో అన్ని కులాలవారికీ ఆలయ ప్రవేశం కల్పించే చట్టం 1947లో గాని రాలేదు. అప్పటిదాకా ఇక్కడ గుడి వాకిలి బయట నిలబడవలసిన వారి సోదరులు అంతకు ఎన్నో దశాబ్దాల ముందే అక్కడ తమ గుడిని తామే కట్టుకొని, తామే పూజ చేసుకున్నారు. ఓడలో అందరికీ ఒకే వంట, ఒకే నేల. కులం సముద్రంలో మునిగిపోయిందని చెప్పను. పెళ్ళిళ్ళ దగ్గర, తరువాత ఎన్నికల దగ్గర అది మళ్ళీ తల ఎత్తింది. కాని దాని పట్టు సడలింది. ధర్మాన్ని ఖండాంతరాలలో నిలిపినవారు ఎవరని అడిగితే, ఈ దేశంలో దానికి దూరంగా ఉంచబడిన వారు కూడా అని చరిత్ర జవాబు చెబుతుంది.

గుడి కట్టుకున్నంత సులభంగా గుర్తింపు రాలేదు. ఇక రాజకీయాల సంగతికి వస్తాను. మూడు దేశాలు, మూడు రకాల అనుభవాలు.

మొదటిది దక్షిణాఫ్రికా. 1913 మార్చిలో కేప్ ప్రాంతపు న్యాయమూర్తి సర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. వ్యాజ్యం వేసినది ఒక ముస్లిం కుటుంబం. క్రైస్తవ పద్ధతిలో జరగని, అధికారుల వద్ద నమోదు కాని పెళ్ళి చెల్లదన్నది ఆ తీర్పు సారాంశం. ఒక్క దెబ్బతో హిందువుల, ముస్లిముల, పార్సీల ఇల్లాళ్ళందరూ చట్టం దృష్టిలో భార్యలు కాకుండా పోయారు. పిల్లల వారసత్వం ప్రశ్నార్థకమైంది. అప్పటిదాకా ఇంటి గడప దాటని స్త్రీలు గాంధీగారి సత్యాగ్రహంలో చేరి జైళ్ళకు వెళ్ళారు. కస్తూరిబా వెళ్ళింది. పదహారేండ్ల తిల్లయాడి వల్లియమ్మ జైలులో జబ్బుపడి, విడుదలైన కొద్ది రోజులకే 1914 ఫిబ్రవరిలో కన్నుమూసింది. ఆ ఏడాదే వచ్చిన చట్టం ఆ పెళ్ళిళ్ళను గుర్తించింది, ఒప్పందం ముగిసిన కూలీల నెత్తిన ఉన్న మూడు పౌన్ల పన్నును తొలగించింది. గమనించండి: ముస్లిం ఇంటి వ్యాజ్యం హిందూ స్త్రీ మాంగల్యానికి ముప్పు తెచ్చింది, హిందూ స్త్రీల జైలు ముస్లిం ఇంటికీ న్యాయం తెచ్చింది. తక్కువమంది ఉన్నచోట ఒకరి హక్కు మరొకరి హక్కుతో ముడిపడి ఉంటుంది.

తరువాత 1950లో జాతులవారీగా నివాసాలను విడదీసే చట్టం వచ్చింది. తరతరాలుగా ఉన్న పేటలనుండి భారతీయులను ఖాళీ చేయించారు. డర్బన్‌లోని కేటో మేనర్ ప్రాంతంలో ఇళ్ళు పోయి గుళ్ళు మాత్రం మిగిలాయి. జాత్యహంకార పాలన అంతమైన తరువాత, 1996లో ఆ దేశం కొత్త రాజ్యాంగం రాసుకున్నది. ఆరవ ప్రకరణంలో, దేశంలోని సమాజాలు వాడే భాషలను గౌరవించి ప్రోత్సహించాలని చెబుతూ కొన్ని పేర్లు రాశారు. తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు తెలుగు పేరూ అక్కడ ఉన్నది. చెరకు కూలీల భాష ఒక పరాయి దేశపు రాజ్యాంగంలోకి ఎక్కింది! ఆంధ్ర మహాసభ పేరిట 1931 నుండి అక్కడి తెలుగువారు చేసిన కృషి చిన్నది కాదు.

కాని ఆ గౌరవం దక్కేనాటికి చాలా ఇళ్ళలో తెలుగు నోటినుండి జారిపోయింది. పగటి బడి ఇంగ్లీషులో నడిచింది. తెలుగు చదువు గుడి ఆవరణలో సాయంకాలం తరగతులకు పరిమితమైంది. ఉద్యోగం ఇంగ్లీషు ఇచ్చింది. తెలుగు ఏమిస్తుందని తల్లిదండ్రులు ఆలోచించారు. దేవుడికి పాట చాలు, పాటకు చెవి చాలు, అక్షరం ఎందుకనుకున్నారు. అక్షరం పోయింది. కొంతకాలానికి పాటలోని అర్థమూ పోయింది. శబ్దం మిగిలింది. మా పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. ఎవరూ ఆ భాషను చంపలేదు. ఎవరి ఇంట్లో వారు, మంచి ఉద్దేశంతోనే, రేపటికి వాయిదా వేశారు.

రెండవది ఫిజీ. అక్కడికి గిరిమిటీయుడిగానే వెళ్ళిన సాధు కుప్పుస్వామి అనే తమిళుడు 1926లో నాందీలో ఒక సంగం స్థాపించాడు. దాని పేరు "దెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం". వారు గుళ్ళతో ఆగలేదు. బడులు పెట్టారు. ఈనాడు ఆ సంగం ఇరవైకి పైగా విద్యాసంస్థలు నడుపుతున్నది. 1941లో తెలుగువారు ప్రత్యేకంగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం స్థాపించుకొని, వారూ బడులు తెరిచారు. అక్కడి ఆదివాసీ ఫిజియన్ల పిల్లలు కూడా సంగం బడులలో చదువుకుంటారు. ఇది చాలా ముఖ్యమైన విషయమని నా ఉద్దేశం. గుడి మనవారి కోసం కట్టుకుంటాము. బడి ఊరి కోసం కట్టాలి.

1987 మే 14న రబూకా అనే సైనికాధికారి ఫిజీ ప్రభుత్వాన్ని కూలదోశాడు. మొదటి గిరిమిటీయుల ఓడ ఆ దీవికి చేరిన తేదీ కూడా మే 14వ తేదీయే. భారతీయుల మద్దతుతో ఏర్పడిన ప్రభుత్వం సహించరానిదైంది. ఆదివారం క్రైస్తవులకు పవిత్ర దినం కనుక ఆనాడు ఎవరూ వ్యాపారం గాని, పని గాని, ఆటలు గాని సాగించరాదని శాసనం చేశారు. దుకాణదారుడు హిందువైనా ముస్లిమైనా తలుపు మూయవలసిందే. దేశాన్ని క్రైస్తవ దేశంగా ప్రకటించాలని కోరినవారు లేచారు. 1989లో లౌటోకాలో హిందువుల, ముస్లిముల, సిక్కుల ప్రార్థనా మందిరాలకు నిప్పుపెట్టారు. 1987 నాటికి జనాభాలో ఇంచుమించు సగమున్న భారతీయులు వేల సంఖ్యలో వలసపోగా, 2007 జనగణన నాటికి 37 శాతానికి చేరారు. ఆస్ట్రేలియాకు, న్యూజిలాండుకు మళ్ళీ ఓ మూట, మళ్ళీ ఓ ప్రయాణం.

ఆ కథ అక్కడితో ముగియలేదు. 2023లో గిరిమిట్ దినాన్ని ఆ దేశం తొలిసారి సెలవుగా పాటించింది. అప్పటికి ఎన్నికల ద్వారా ప్రధానమంత్రి అయిన ఆ రబూకాయే, తాను చేసిన పనికి భారతీయులను బహిరంగంగా క్షమాపణ కోరాడు. ముప్పై ఆరేండ్ల తరువాత వచ్చిన క్షమాపణ పోయిన ఇండ్లను తిరిగి ఇవ్వదు. అయినా, మతం పేరిట పాలన నడిపి ఒక జాతి ఎంత నష్టపోతుందో స్వయంగా చూసినవాడు చెప్పిన మాట కనుక దానికి విలువ ఉన్నది.

మూడవది మారిషస్. ఇక్కడి అనుభవం వేరు. జనాభాలో సగం దాకా హిందువులే. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. మహాశివరాత్రికి లక్షల మంది తెల్లబట్టలు కట్టుకొని, కావళ్ళెత్తి, కాలినడకన గంగా తలావుకు వెళతారు. ఉగాది ప్రభుత్వ సెలవు దినం. ప్రాథమిక పాఠశాలలలో తెలుగును ఐచ్ఛిక భాషగా బోధిస్తారు. 1970లో స్థాపించిన మహాత్మా గాంధీ సంస్థ ఉపాధ్యాయులను తయారుచేస్తున్నది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది ఆ దీవిలోనే.

మరి అక్కడ చిక్కులు లేవా? ఉన్నాయి. హిందువులు అధికసంఖ్యాకులైనచోట, హిందువులలోనే అధికులూ అల్పులూ ఏర్పడ్డారు. ఉత్తరాది మూలాలవారు ఎక్కువ, తమిళులు, తెలుగువారు, మరాఠీలు తక్కువ. 1998లో కొత్త కరెన్సీ నోట్లు అచ్చువేసినప్పుడు, అంతవరకు ముందుండే తమిళ అక్షరాలను హిందీ అక్షరాల తరువాతకు మార్చారు. తమిళ సమాజం భగ్గుమన్నది. చివరకు ఆ నోట్లను ఉపసంహరించుకున్నారు. చూడడానికి చిన్న సంగతి, రెండు వరుసల అక్షరాలు. కాని తక్కువమంది ఉన్నవారికి వరుస క్రమం చిన్న సంగతి కాదు. "మేమూ ఉన్నాము" అనడానికి వారికి ఉన్న చోటు అదొక్కటే.

మూడు దేశాల కథను ఇక ఈ గది వరకు తీసుకువస్తాను.

ఈ సభలో ఉన్నవారిలో చాలామంది హిందువులు. ఆ లెక్కన ఈ దేశంలో మనం అధికసంఖ్యాకులం. ఈ సభలో ఉన్నవారందరూ తెలుగువారు. ఆ లెక్కన ఈ రాష్ట్రంలో మనం అల్పసంఖ్యాకులం. ఒకే మనిషి ఉదయం గుడిలో అధికుడు, మధ్యాహ్నం బడిలో అల్పుడు. ఇట్లాంటి స్థితి అందరికీ దొరకదు. ఇది మనకు భారం కాదు, చదువు. తక్కువమందిగా ఉండడమంటే ఏమిటో పుస్తకం చూడకుండా తెలిసినవాళ్ళం మనం.

మన రాజ్యాంగం 30వ అధికరణాన్ని నేను ప్రతి సంవత్సరం తొమ్మిదవ తరగతికి చెబుతాను. మతాన్ని బట్టి గాని, భాషను బట్టి గాని అల్పసంఖ్యాకులైన వారికి తమ విద్యాసంస్థలు స్థాపించుకొని నడుపుకునే హక్కు ఉన్నదంటుంది. ఒకే వాక్యంలో మతమూ ఉన్నది, భాషా ఉన్నది. మన తెలుగు బడికి నీడనిచ్చే చెట్టే పక్క వీధిలోని క్రైస్తవుల బడికీ, ఆ అవతలి ముస్లిముల బడికీ నీడనిస్తున్నది. ఆ చెట్టు కొమ్మ ఒకటి నరికితే ఎండ మనమీదా పడుతుంది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలనే 350-ఎ అధికరణం కూడా మనవంటి వారి కోసమే 1956లో చేర్చారు.

తమిళాన్ని తప్పనిసరి పాఠ్యాంశంగా చేసిన 2006 నాటి చట్టం గురించి పూర్వ విద్యార్థులు నన్ను అడుగుతుంటారు. మన పిల్లలు తమిళం నేర్వాలి, చక్కగా నేర్వాలి, నేరుస్తున్నారు. మనకు అన్నం పెట్టిన నేల భాష అది. మనం కోరేది ఒక్కటే, దాని పక్కన మన ఇంటి భాషకూ ఒక పీట వేయమని. ఆ కోరిక న్యాయమైనది. న్యాయమైనది గనుకనే, మనం అధికులమైన చోట ఇతరులు అదే కోరికతో వస్తే కాదనే హక్కు మనకు ఉండదు. డర్బన్‌లో మన పెళ్ళికి గుర్తింపు కావాలన్నాము. ఫిజీలో మన గుడికి రక్షణ కావాలన్నాము. మారిషస్‌లో మన పండుగకు సెలవు కావాలన్నాము. తక్కువమందిమైన చోట ఏది కోరుకున్నామో, ఎక్కువమందిమైన చోట దానిని ఇతరులకు ఇవ్వగలగాలి. ప్రపంచ దేశాలలోని హిందూ సమాజ చరిత్ర నుండి నేను నేర్చుకున్న ధర్మం ఇదే. ఇంతకు మించిన వేదాంతం నాకు తెలియదు.

ఇక రెండవ మాట, కొంచెం కటువైన మాట. ఈ పండుగ రోజున చెప్పక తప్పదు.

నేను ఈ బడిలో చేరిననాడు ఒకటవ తరగతికి రెండు విభాగాలుండేవి. ఈనాడు ఒక్క గది కూడా నిండడం లేదు. నగరంలో తెలుగువారు లేక కాదు. ఉన్నతోద్యోగులు, వ్యాపారులు, వైద్యులు అయిన తెలుగువారు మనకు చందా ఇస్తారు, పిల్లలను ఇవ్వరు. ఈ బడి బెంచీలపై ఈనాడు కూర్చుంటున్నది ఎక్కువగా పారిశుద్ధ్య కార్మికుల, తాపీ పనివారి, ఇళ్ళలో పనిచేసే తల్లుల పిల్లలు. చెరకు తోటలో గుడిని నిలిపింది ఎవరో, ఈ నగరంలో తెలుగు అక్షరాన్ని నిలుపుతున్నదీ వారే. చరిత్ర రెండుసార్లు ఒకే సంగతి చెబితే మనం ఒక్కసారైనా వినాలి.

ఇతరులను అనేముందు నా తప్పు చెప్పుకుంటాను. ఈ బడిలో పాఠం చెబుతూనే నా కుమారుణ్ణి వేరొక ఆంగ్ల మాధ్యమ పాఠశాలలో చేర్పించాను. అప్పట్లో అదే సరి అనిపించింది. సాయంకాలం ఇంట్లో తెలుగు నేర్పవచ్చులే అనుకున్నాను. సాయంకాలాలు వచ్చాయి, పోయాయి. ఇప్పుడు వాడు పరదేశంలో ఉన్నాడు. శనివారం తప్పకుండా గుడికి వెళతాడు. ఆ విషయంలో వాడిని చూసి గర్వపడతాను. వినాయక చవితికి ముందురోజు ఫోను చేసి పూజావిధానం అడుగుతాడు. నేను చెబుతూ ఉంటే ఇంగ్లీషు అక్షరాలలో రాసుకుంటాడు. ఆ రాసుకునే చప్పుడు ఫోనులో వినిపిస్తున్నప్పుడల్లా నాకు ఆ డర్బన్ అమ్మ గుర్తుకు వస్తుంది. వారికి ఆ దూరం మూడు తరాలలో వచ్చింది. మా ఇంట ఒక్క తరంలో వచ్చేసింది.

కనుక ఈ మాట నేను ఉపదేశంగా చెప్పడం లేదు, అనుభవంగా చెబుతున్నాను. గుడి ఒక్కటే భాషను కాపాడలేదు. భాష పోయిన గుడిలో భక్తి ఉంటుంది, సందేహం లేదు. కాని తాత ఏమి కోరుకున్నాడో మనవరాలికి తెలియదు. పాటలో ఆయన కష్టం చెప్పుకున్నాడా, కృతజ్ఞత చెప్పుకున్నాడా తెలియదు. గుడి పక్కన బడి ఉండాలి. ఆ బడిలో అన్ని మతాల పిల్లలూ ఉండాలి. అప్పుడు, ఏ ఇంటి పుస్తకమైనా సరే, ఎవరో ఒక పిల్ల చదివిపెడుతుంది.

తల్లిదండ్రులకు నా విన్నపం: రోజుకు పావుగంట పిల్లల చేత తెలుగు పైకి చదివించండి. మీకు చదువు రాకపోతే మరీ మంచిది, వారి చేత చదివించుకొని వినండి. పూర్వ విద్యార్థులకు నా విన్నపం: మీరు ఇచ్చే విరాళానికి ఎంతో కృతజ్ఞతలు. ఈసారి దానితోపాటు మీ పిల్లలను, మనుమలను శనివారం తరగతికి పంపండి. వచ్చే జూన్ నుండి వేరే బడులలో చదివే పిల్లలకు కూడా తెలుగు చదవడం, రాయడం ఉచితంగా నేర్పడానికి మా ఉపాధ్యాయులు ముందుకు వచ్చారు. ఏ మతమని గాని, ఏ కులమని గాని అడగము. పలక తెస్తే చాలు. నా సహోపాధ్యాయులకు వేరే చెప్పనవసరం లేదు. నిండని తరగతిలోనూ నిండు మనసుతో పాఠం చెబుతున్నవారు వారు.

చివరగా ఒక్క మాట. ఆనాడు వెళ్ళేముందు డర్బన్ అమ్మ తాతగారి పుస్తకానికి నకలు తీయించి మాకు ఇచ్చింది. అది ఇప్పుడు మన గ్రంథాలయంలో ఉన్నది. ఆనాడు దానిని చదివిన బాలిక ఈ ఏడు పదకొండవ తరగతి చదువుతున్నది. ఇదిగో, ఈ సభలో వాలంటీరు బ్యాడ్జీ పెట్టుకొని మీకు మంచినీళ్ళు అందిస్తున్న పిల్లలలో ఆమె కూడా ఉన్నది. ఆ పుస్తకంలోని పాటలన్నిటినీ ఆమె, ఆమె స్నేహితురాళ్ళు తీరిక వేళల్లో శుభ్రంగా తిరగరాశారు. ఆ ప్రతిని ఈ వారమే డర్బన్‌కు పంపుతున్నాము. వెళ్ళిన అక్షరం కొంతైనా వెనక్కి చేరుతుంది.